బోర్డు పొట్టిదైతే అల దొరుకుతుందా?

సముద్రం మనకు ఎంత దూరమో ఈ శీర్షికకు రాసేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. నల్గొండలో చీకటితో బయల్దేరినా సూర్యలంక చేరేసరికి ఎండ ఎక్కుతుంది, పాలమూరు, గద్వాల వాళ్ల సంగతైతే ఇంకా చెప్పొద్దు. అయినా ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం అలల గురించే. సాగర్ బ్యాక్‌వాటర్‌లోనో సోమశిలలోనో బోర్డు మీద నిలబడి తెడ్డేయడం (స్టాండప్ ప్యాడిల్, పొట్టిగా సప్) అలవాటైంది, ఒకసారి సముద్రానికి వెళ్లొచ్చారు, పెద్ద బోర్డు అలలో మాట వినలేదు, ఇప్పుడు పొట్టి బోర్డు కొనాలి. వరస ఇదే. అందుకే ఈసారి ఒక ఉత్తరానికి పెద్ద జవాబు, మిగతావాటికి చిన్నవి.

ప్రశ్న: అన్నా, నాకు 34 ఏళ్లు, బరువు 78 కిలోలు, ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. మూడేళ్లుగా సాగర్ బ్యాక్‌వాటర్‌లో గాలి కొట్టే సప్ బోర్డు మీద తిరుగుతున్నాను. పొడవు పదిన్నర అడుగులు, వెడల్పు 32 అంగుళాలు. దాని మీద పడిపోవడం మర్చిపోయాను అనుకుంటున్న టైంలో డిసెంబర్‌లో రుషికొండ వెళ్లాను. అల ఎత్తుకోగానే ముక్కు నీళ్లలో గుచ్చుకోవడం, నేను ముందుకు ఎగిరిపడటం, ఇదే పని. పక్కన ఒక పిల్లగాడు పొట్టి బోర్డు మీద గిర్రున తిరుగుతున్నాడు. ఇప్పుడు ఒకాయన ఏడున్నర అడుగుల గట్టి బోర్డు సెకండ్ హ్యాండ్‌లో ఇస్తానంటున్నాడు, దాని మీద 98 లీటర్లు అని ఉంది. తీసుకోనా? మంచం కింద ఒకటి ఉండగా ఇంకోటి ఎందుకని ఇంట్లో అప్పుడే లొల్లి మొదలైంది.
– మిర్యాలగూడ పాఠకుడు

జవాబు: తీసుకోకు తమ్ముడూ. చవగ్గా ఇచ్చినా సరే. బోర్డు చెడ్డదని కాదు, అది నీది కాదు.

అందరూ అడుగుల్లో అడుగుతారు, ఏడున్నరా, ఎనిమిదిన్నరా, తొమ్మిదా అని. నువ్వు ముందు చూడాల్సింది దాని మీద రాసిన లీటర్లు. ఒక లీటరు బోర్డు పూర్తిగా మునిగితే ఒక కిలోను మోస్తుంది, లెక్క అంతే. నీ 78కి తడిసిన బట్టలు, తెడ్డు, లీష్ (కాలికీ బోర్డుకూ కట్టుకునే తాడు) కలిపి ఇంకో రెండు వేసుకో. ఆ సైజు గట్టి బోర్డు బరువు ఏడెనిమిది కిలోలు ఉంటుంది. అంటే 88 కిలోలు. 98లో 88 పోతే మిగిలింది పది. ఆ పది లీటర్ల మీదే నువ్వు ఊగకుండా నిలబడాలి, ఎదురొచ్చే అలల మీదుగా లోపలికి పోవాలి, వెనక్కి తిరగాలి. ఉప్పునీళ్లలో రెండున్నర శాతం ఎక్కువ తేలుతుంది కాబట్టి సముద్రంలో ఆ పది పన్నెండవుతుందనుకో. కానీ విరిగిన అల నురగలో గాలి బాగా కలిసి ఉంటుంది కదా, అక్కడ ఈ లెక్క కూడా ఉండదు, సరిగ్గా నీకు తేలడం అవసరమైన చోటే బోర్డు కిందికి జారుతుంది. ఇప్పుడు నువ్వు వాడే గాలి బోర్డు దాదాపు 300 లీటర్లు. అంటే రెండొందల పైచిలుకు లీటర్లు ఊరికే మిగిలున్న దాని మీద నుంచి పది మిగిలే దాని మీదకు ఒక్క దూకు దూకుతానంటున్నావు.

నేను దూకాను కాబట్టి చెబుతున్నా. అప్పుడు నా బరువు 82. ఏడడుగుల పది అంగుళాల బోర్డు, నూరు లీటర్లు. అమ్మినాయన "అలవాటైపోతుంది సార్, వారం రోజులు" అన్నాడు, నేనూ నమ్మాను, నమ్మాలని ఉంది కాబట్టి. మొదటిసారి దాన్ని దింపింది సముద్రంలో కూడా కాదు, నేరేడుగొమ్ము దగ్గర వైజాగ్ కాలనీలో, సాగర్ వెనక నీళ్లలో. పొద్దున్నే ఆకు కూడా కదలడం లేదు. మోకాళ్ల మీద కూర్చుంటే బాగానే ఉంది. లేచి నిలబడ్డాను. బోర్డు కనబడలేదు. అంటే కాళ్ల కిందే ఉంది, కానీ నీళ్లు చీలమండ పైకి వచ్చేశాయి, చూసేవాడికి మనిషి నీళ్ల మీద ఒట్టి కాళ్లతో నిలబడినట్టే. తెడ్డు ఎడమ పక్క వేస్తే కుడి అంచు లేస్తుంది, కుడి పక్క వేస్తే ముక్కు దిగుతుంది, ఆపేస్తే మొత్తం కుంగుతుంది. ఆ ఊరికి ఆ పేరు రావడానికి కారణమే డ్యాం కట్టే రోజుల్లో విశాఖ తీరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ జాలరి కుటుంబాలు. వాళ్లలో ఒక పెద్దాయన పుట్టిలో కూర్చుని వల సర్దుకుంటూ కాసేపు చూసి, "ఏటి బాబూ, పీటేసుకుని స్నానానికి దిగావేటి" అన్నాడు. నవ్వాను గానీ బాగా గుచ్చుకుంది. ఆరు నెలలు పట్టుకుని వేలాడి చివరికి సగం ధరకు వదిలించుకున్నాను. ఆ ఆరు నెలల్లో రెండుసార్లు సముద్రానికి తీసుకెళ్తే, అలల దాకా తెడ్డేసుకుని వెళ్లేసరికే ఒంట్లో సత్తువ అయిపోయేది. అల ఎక్కడం తర్వాతి మాట.

ఇదంతా బోర్డు తప్పు కాదు, రుషికొండలో నువ్వు చూసిన పిల్లగాడు అలాంటిదాని మీదే గిర్రున తిరుగుతాడు. అతను యాభై అయిదు కిలోలు ఉంటాడేమో, పైగా రోజూ సముద్రంలో ఉంటాడు. మనం ఏడాదికి మూడుసార్లో నాలుగుసార్లో వెళ్తాం. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం తప్పులు చేయం. రోజూ అలల్లో ఉండేవాడికి తన బరువుకు పది, ఇరవై లీటర్లు ఎక్కువ ఉంటే చాలు. మనకు నా లెక్కలో బరువును 1.6తో గుణిస్తే వచ్చేదానికి తగ్గకూడదు. నీ 78కి 125 లీటర్లు. 140 వరకు వెళ్లినా తప్పులేదు, సిగ్గుపడే పని అంతకన్నా లేదు. ఆ లీటర్లు దొరికే గట్టి బోర్డు పొడవు ఎనిమిది అడుగుల పది అంగుళాల నుంచి తొమ్మిదిన్నర మధ్య ఉంటుంది, వెడల్పు 30 లేదా 31 అంగుళాలు చూసుకో. పదిన్నర నుంచి తొమ్మిదికి దిగడం చిన్న మార్పులా అనిపిస్తుంది గానీ గాలి బోర్డు నుంచి గట్టి బోర్డుకు మారడమే ఒక పెద్ద మార్పు, రెండూ ఒకేసారి జరుగుతున్నాయి.

ఇక నీ ముక్కు సంగతి. గుచ్చుకోవడానికి సగం కారణం బోర్డు, సగం నీ పాదాలు. గాలి బోర్డు ఇంచుమించు చాప పరిచినట్టు చదునుగా ఉంటుంది, ముక్కు దగ్గర కాస్త లేచినా చాలదు. అల వెనక నుంచి తోకను ఎత్తినప్పుడు ముక్కు ఎదురుగా ఉన్న పల్లంలోకి దిగుతుంది, అక్కడ వంపు లేకపోతే నేరుగా దూరిపోతుంది. అలల బోర్డుకు ముక్కు వైపు పైకి తిరిగిన వంపు అందుకే, రాకర్ అంటారు దాన్ని. మన తీరంలో తెప్పలు చూశావా, దుంగల ముందు మొనలు పైకి లేచినట్టు చెక్కుతారు, నురగలోంచి బయటికి పోవాలి కాబట్టి. విషయం అదే. రెండోది అంచు. గాలి బోర్డు అంచు అయిదారు అంగుళాల మందంతో తలగడ దిండులా గుండ్రంగా ఉంటుంది, అల గోడను పట్టుకోదు, జారిపోతుంది. గట్టి బోర్డుకు ముందు భాగంలో అంచు మెత్తగా గుండ్రంగా ఉండి, తోక దగ్గరికి వచ్చేసరికి పదునెక్కుతుంది. తిరిగేటప్పుడు నీళ్లను కోసేది ఆ పదునే.

పాదాల సంగతి బోర్డు మార్చకుండానే సరిచేసుకోవచ్చు. సాగర్‌లో మూడేళ్లు రెండు పాదాలూ పక్కపక్కన, బోర్డు మధ్యలో పట్టీ దగ్గర పెట్టి నిలబడ్డావు, కాళ్లకు అదే తెలుసు. అల ఎత్తే క్షణంలో కూడా అక్కడే ఉంటే ముందుకు పడక ఏమవుతావు. తోక లేస్తున్నట్టు అనిపించగానే ఒక పాదం ఒక అడుగు వెనక్కి, కాస్త ఏటవాలుగా పడాలి, మోకాళ్లు వంగాలి, తెడ్డు మాత్రం ఆగకూడదు. చాలామంది అల దొరికిందన్న సంతోషంలో తెడ్డు ఎత్తి పట్టుకుంటారు, అక్కడే పోతుంది. ఇంకో రెండు మూడు లాగుళ్లు లాగాకే పూర్తిగా వెనక్కి జరగాలి. చాలా ముందుగా వెనక్కి వెళ్తే తోక మునిగి బ్రేకు వేసినట్టు అల కింద నుంచి దాటిపోతుంది, అది కూడా జరుగుతుంది, కంగారుపడకు.

పొట్టి బోర్డు గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. పొడవైనది ముందుగానే వేగం పట్టి, అల ఇంకా మెత్తగా ఉండగానే ఎక్కిస్తుంది. పొట్టిదానికి ఆ జారుడు ఉండదు, అల నిటారుగా లేచి విరగబోయే చోటికి వెళ్లి నిలబడాలి, ఆలస్యంగా ఎక్కాలి. తుఫానులూ వానాకాలపు పెద్ద అలలూ లేని రోజుల్లో మన తీరంలో వచ్చే నడుమెత్తు అలకు, సూర్యలంక లాంటి లోతు తక్కువ చోట మెల్లగా వచ్చేదానికి, ఏడున్నర అడుగుల బోర్డు పట్టుకుని నిలబడితే అన్నీ నీ కింద నుంచే పోతుంటాయి. తొమ్మిది అడుగులదానితో అవే అలల్లో ఎక్కువ దొరుకుతాయి. గిర్రున తిరగడం తక్కువే, ఒప్పుకుంటా. ముందు అల దొరకాలి కదా.

కొనే ముందు ఒక పని చెయ్యి. చెన్నై దగ్గర కోవళంలోనో, కర్ణాటకలో మూల్కీలోనో సర్ఫ్ స్కూళ్లున్నాయి, ముందుగా ఫోన్ చేసి సప్ బోర్డులు ఏ సైజుల్లో ఉన్నాయో కనుక్కుని రెండు రోజులు వెళ్లి తొమ్మిదిన్నర, తొమ్మిది, ఎనిమిదిన్నర వరసగా ఎక్కి చూడు. ఒక్కోదాని మీద అలలు లేని చోట ఆగి, తెడ్డు ఆడించకుండా పదంకెలు లెక్కపెట్టు. నిలబడగలిగావా, అది నీ సైజు. అయిదు దగ్గర పడ్డావా, ఒక మెట్టు పైకి వెళ్లు. ఆ రెండు రోజుల ఖర్చు తప్పుడు బోర్డు ధరలో చాలా చిన్న ముక్క.

ఇంట్లో లొల్లి సంగతికి మాత్రం నా దగ్గర మందు లేదు. కాకపోతే ఒకటి, తొమ్మిది అడుగుల గట్టి బోర్డు ఏ మంచం కిందా పట్టదు. అది కూడా ముందే చెప్పేసుకో.

ప్రశ్న: సార్, నా బరువు 54, మావారిది 90. ఇద్దరికీ కలిపి అలల కోసం ఒకే పొట్టి బోర్డు తీసుకుందామని ఆయన అంటున్నారు. కుదురుతుందా?
– నల్గొండ పాఠకురాలు

జవాబు: కుదరదమ్మా. నీళ్లు కదలని చోట ఒక బోర్డు ఇంటిల్లిపాదికీ సరిపోతుంది, అలల్లో మాత్రం చెప్పుల జత లాంటిది. మీకు 90 నుంచి 100 లీటర్లు, ఎనిమిది అడుగులు, 28 లేదా 29 అంగుళాల వెడల్పు హాయిగా ఉంటుంది. మీవారికి 145కు తక్కువైతే కష్టం. ఆయనకు సరిపోయేది మీరు ఎక్కితే అది మీ మాట వినదు, గాలికి ఆకులా కొట్టుకుపోతుంది, మోకాలెత్తు అలకు కూడా అంచు దిగదు. మీకు సరిపోయేది ఆయన ఎక్కితే పైన నేను వైజాగ్ కాలనీలో చేసిన స్నానమే. ఒక్కటే కొనగలిగితే మీకు కొనుక్కోండి. ఆయన పాత పెద్ద బోర్డు మీద ఇంకో ఏడాది అలలు నేర్చుకోవచ్చు, నష్టం లేదు.

ఇది ఆయన చదువుతారని నాకు తెలుసు. సారీ సార్.

ప్రశ్న: మా ఊరికి కోయిల్‌సాగర్ దగ్గర. అల అన్నదే లేని నీళ్లలో అలలకు ప్రాక్టీసు చేయొచ్చా, లేక టైం వేస్టా?
– దేవరకద్ర పాఠకుడు

జవాబు: చేయొచ్చు, చేయాలి కూడా. నిజం చెప్పాలంటే సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకు ఈ ఓపిక ఉండదు, వాళ్లు నేరుగా అలల్లోకే పోతారు.

అన్నిటికన్నా పనికొచ్చేది తోక మీద తిరగడం. నీళ్లు నిలకడగా ఉన్న పూట మధ్యలో నిలబడి, తెడ్డును ఒక పక్క నీళ్లలోనే ఉంచి దాని మీద కాస్త ఆసరా తీసుకుంటూ, ఒక పాదాన్ని వెనక్కి జరపాలి. ముందు ఒక జానెడు. బోర్డు ముక్కు అరంగుళం లేస్తుంది. ఇంకో జానెడు. ఇప్పుడు తోక కిందికి దిగుతుంది, కాలి వేళ్లకు నీళ్లు తగులుతాయి, బోర్డు కాళ్ల కింద కాస్త వణుకుతుంది, అక్కడే అందరూ భయపడి ముందుకు వచ్చేస్తారు. రాకండి. మోకాళ్లు వంచి, ముక్కు గాల్లో ఉండగానే తెడ్డును ముందు నుంచి వెనక దాకా పెద్ద అర్ధచంద్రంలా లాగితే బోర్డు మొత్తం తోక చుట్టూ తిరిగిపోతుంది. పదిసార్లలో తొమ్మిదిసార్లు పడతారు. కోయిల్‌సాగర్‌లో పడితే పోయేదేమీ లేదు, లైఫ్ జాకెట్ ఉంటే చాలు. సముద్రంలో వెనక నుంచి అల వస్తుంటే బోర్డును ఒడ్డు వైపు తిప్పుకోవడానికి మీకు నాలుగైదు సెకన్లే ఉంటాయి, ఆ తిప్పుడు ఇదే.

రెండోది, మీ ముందు కాలు ఏదో తెలుసుకోండి, తర్వాత రెండో కాలుతో కూడా చేయండి. మూడోది, మధ్యాహ్నం గాలి లేచి నీళ్లు గరుకైనప్పుడు ఒడ్డుకు దగ్గర్లోనే కాసేపు నిలబడటం. ఆ చిన్న చిన్న అలలు ఏ వైపు నుంచి వస్తాయో తెలియదు కాబట్టి పొట్టి బోర్డుకు సముద్రంలో విరగని అలల కంటే ఇవే కష్టం. ఇక్కడ నిలబడగలిగితే అక్కడా నిలబడతారు.

సాగర్‌లో కొందరు నాగార్జునకొండ లాంచీ వెనక లేచే అల కోసం దగ్గరికి వెళ్తున్నారని విన్నాను. దయచేసి వద్దు, లాంచీ నడిపేవాడికి మీరు కనబడరు. అలాగే కృష్ణకు వరద వచ్చి గేట్లు ఎత్తే రోజుల్లో ఏ ప్రాజెక్టు దగ్గరా నీళ్లలోకి దిగకండి, పైనా కిందా రెండు వైపులా. మిగతా రోజుల్లో కూడా అక్కడి ఇరిగేషన్ వాళ్లను అడిగి, వద్దన్న చోట దిగకుండా ఉంటే మనకూ మర్యాద.

ప్రశ్న: పొట్టి బోర్డుకు తెడ్డు కూడా పొట్టిది కొనాలా? నాది తల మీద పది అంగుళాలు ఎక్కువుంది.
– గద్వాల పాఠకుడు

జవాబు: అలల్లో నడుము వంచి, మోకాళ్లు వంచి ఉంటారు కాబట్టి పొడవు తెడ్డు గడ్డానికో భుజానికో అడ్డం పడుతుంది. మీ ఎత్తు మీద మూడు నాలుగు అంగుళాలు ఉంటే చాలు, కొందరు సరిగ్గా తల ఎత్తుకే పెట్టుకుంటారు. పొడవు మార్చుకునే రకం అయితే కొత్తది కొనొద్దు, తగ్గించుకోండి. బిగించే క్లిప్పులో ఇసుక ఇరుక్కుని జారిపోతుంటుంది, సముద్రం నుంచి వచ్చాక మంచినీళ్లతో కడగండి. ఆకు మరీ వెడల్పైనది కూడా వద్దు, అల పట్టేటప్పుడు గబగబా చిన్న లాగుళ్లు కావాలి, వెడల్పు ఆకుతో భుజం పట్టేస్తుంది.

ప్రశ్న: ఫిన్‌లు ఒకటా, మూడా, నాలుగా?
– వనపర్తి పాఠకుడు

జవాబు: ఫిన్ అంటే బోర్డు అడుగున తోక దగ్గర ఉండే రెక్క. మూడు తగిలించే వీలున్న బోర్డు తీసుకోండి. మధ్యలో పెద్దది, పక్కన రెండు చిన్నవి. సరళాసాగర్‌లో తిరిగేటప్పుడు పక్కవి పీకేసి పెద్దదొక్కటే ఉంచితే నేరుగా పోతుంది, సముద్రంలో మూడూ పెట్టుకోవచ్చు. నాలుగు ఫిన్‌ల గురించి ఆలోచించే రోజు వచ్చేసరికి మీకు ఈ శీర్షిక అవసరం ఉండదు. స్క్రూలు రెండు అదనంగా జేబులో వేసుకోండి, ఇసుకలో పడితే దొరకవు.

ప్రశ్న: గట్టి బోర్డును ఇక్కడి నుంచి సముద్రం దాకా ఎలా తీసుకెళ్లాలి? అలల కోసమే చేసిన గాలి బోర్డులు కూడా ఉన్నాయంటున్నారు, అవైతే బ్యాగులో పెట్టుకుని బస్సెక్కొచ్చు కదా?
– కొల్లాపూర్ పాఠకుడు

జవాబు: ఉన్నాయి. కొంచెం సన్నగా, ముక్కు ఎక్కువ లేపి, తోక దగ్గర అంచుకు గట్టి పట్టీ అతికించి చేస్తారు. మామూలు గాలి బోర్డు కంటే అలల్లో మేలే, గట్టిదానితో పోలిస్తే మాత్రం తేడా మొదటి మలుపులోనే తెలుస్తుంది, వేగం మీద ఉన్నప్పుడు మధ్యలో స్ప్రింగులా ఊగుతుంది. కానీ మీరన్న బస్సు సంగతి చిన్నది కాదు. సోమశిల మీకు పక్కనే, సముద్రం ఏడాదికి రెండుసార్లు, కారు లేదు. అలాంటప్పుడు నేనైతే గాలి బోర్డుకే ఓటేస్తాను, తిట్టేవాళ్లు తిట్టుకోనీ.

గట్టిది అయితే కారు పైన కడ్డీలు బిగించి, బోర్డును బోర్లా పెట్టి, పట్టీలతో కట్టాలి. ఇనుప బకిల్ బోర్డుకు తగలకుండా చూసుకోండి. మన దారిలో దెబ్బ కంటే ఎండ ప్రమాదం. ఏప్రిల్, మే నెలల్లో నల్గొండ ఎండలో దాబా ముందు కారు ఆపి తీరిగ్గా భోంచేసి వచ్చేసరికి ముదురు రంగు బోర్డు పైపొర లోపలి ఫోమ్‌ను వదిలి బుడగలా లేస్తుంది. నా స్నేహితుడి నీలం బోర్డుకు అలాగే లేచింది, చేయి పెట్టి నొక్కితే పూరీలా ఉంది. తెల్ల బోర్డు కొనండి, వెండి రంగు సంచిలో పెట్టండి, సంచి జిప్పు కాస్త తెరిచి ఉంచండి.

గాలి బోర్డుకూ ఇదే జాగ్రత్త. పొద్దున చల్లగా ఉన్నప్పుడు 15 పౌండ్ల గాలి కొట్టి ఎండలో ఒడ్డున వదిలేస్తే లోపలి గాలి వేడెక్కి 18 దాటొచ్చు, అతుకులు వదలొచ్చు. నీళ్లలో ఉంచండి, లేదా కొంచెం గాలి తీసేసి నీడలో పెట్టండి.

ప్రశ్న: నాకు కాలువలో ఈత వచ్చు. సముద్రంలో బోర్డు ఉంది కదా, లైఫ్ జాకెట్, లీష్ ఇవన్నీ అవసరమా?
– దేవరకొండ పాఠకుడు

జవాబు: కాలువ ఈత మంచిదే, కానీ కాలువ మిమ్మల్ని లోపలికి లాగదు, పక్కకు తీసుకెళ్తుంది అంతే. సముద్రంలో ఒడ్డుకొచ్చిన నీళ్లు ఒకచోట పోగై వేగంగా లోపలికి పోయే పాయలుంటాయి. వాటికి ఎదురీదితే ఎంతటి ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు పోతే పాయ దాటిపోతుంది, తర్వాత ఒడ్డుకు రావచ్చు. బోర్డు ఉంటే దాని మీద పడుకునైనా ఉండండి, వదిలి ఈదొద్దు.

ఆ బోర్డు మీతోనే ఉండాలంటే లీష్ కావాలి. అలల్లో చుట్టలు తిరిగినది కాకుండా సాదా లీష్, ఇంచుమించు బోర్డంత పొడవు, చీలమండకు. కానీ సాగర్ ఎడమ కాలువలోనో, పారే ఏటిలోనో అదే కాలికి కట్టుకుని దిగితే, లీష్ చెట్టు కొమ్మకో స్తంభానికో చుట్టుకుంటే ప్రవాహం మిమ్మల్ని కిందికి నొక్కేస్తుంది, వంగి కాలి దగ్గరికి చేయి చాపలేరు. పారే నీళ్లలో నడుముకు కట్టుకుని ఒక్క లాగుకు ఊడొచ్చే రకమే వాడాలి. రెండూ వేర్వేరు, జర పైలం.

ఇంకోటి, బోర్డును ఎప్పుడూ మీకూ అలకూ మధ్య అడ్డంగా పెట్టుకోవద్దు. మోకాలి లోతులో నిలబడి బోర్డును ఒడిలో పట్టుకున్నట్టు పట్టుకుంటే వచ్చిన అల దాన్ని నేరుగా ఛాతీకో మూతికో కొడుతుంది. బోర్డు మీ పక్కన, ముక్కు అల వైపు. పడేటప్పుడు తలకిందులుగా దూకొద్దు, వెల్లకిలా చప్పగా పడండి, పైకి లేచేటప్పుడు ఒక చేయి తల మీద ఉంచండి. ఆదివారం సూర్యలంకలో స్నానాలు చేసే జనం మధ్యలోకి బోర్డు తీసుకెళ్లకండి. మీ చేతిలోంచి జారిన ఎనిమిది కిలోల బోర్డు అల మీద వచ్చి ఒక పిల్లకు తగిలితే ఏమవుతుందో ఆలోచించండి, అరకిలోమీటరు నడిచి దూరంగా దిగండి. లైఫ్ జాకెట్ కొందరు అలల్లో వద్దంటారు, అల కిందికి మునగడానికి అడ్డమని. మొదటి ఏడాది వేసుకోండి.

ప్రశ్న: జూరాల వెనక నీళ్లలో మొసళ్లుంటాయా?
– ఆత్మకూరు పాఠకుడు

జవాబు: ఉంటాయి. అందుకే అక్కడి పుట్టి నడిపేవాళ్లు ఏ చోట వద్దంటే ఆ చోట వద్దు. వాళ్లను అడగడానికి సిగ్గుపడకండి, పొట్టి బోర్డు మీద పాదాలు నీళ్లలోనే ఉంటాయి కదా.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ గట్టి బోర్డు చూడ్డానికి వెళ్తున్నాను, ఏం చూడాలి?
– హుజూర్‌నగర్ పాఠకుడు

జవాబు: పగలు వెళ్లండి, ఎండలో చూడండి. అడుగు భాగం అంతా వేలి కణుపుతో తట్టుకుంటూ వెళ్లండి, పుచ్చకాయ కొనేటప్పుడు తట్టినట్టే. ఒకే శబ్దం వస్తూ వస్తూ ఎక్కడైనా డొల్లగా మోగితే అక్కడ పైపొర ఊడింది. నిలబడే చోట బొటనవేళ్లతో గట్టిగా నొక్కండి, లోపలికి దిగితే వదిలేయండి. ఫిన్ బిగించే గాడి చుట్టూ వెంట్రుక లాంటి పగుళ్లు, పసుపు గోధుమ రంగు మరకలు ఉన్నాయేమో చూడండి. మరక ఉందంటే లోపలికి నీళ్లు వెళ్తున్నాయి, లోపలి ఫోమ్ తడిసింది. రంగు వేసి దాచిన చోట్లు చేయి రాస్తే తెలుస్తాయి, గరుకు మారుతుంది.

చివరికి తూకం వేయించండి. ఆ మోడల్ కంపెనీ బరువు ముందే కనుక్కుని పెట్టుకుని, దగ్గర్లోని రైస్ మిల్లులో బస్తాలు తూచే కాటా మీద పెట్టమనండి. మీ ఊరి వైపు కాటాలకు కొదవ లేదు. ఒక కిలో దాకా తేడా వస్తే తర్వాత చేసిన రిపేర్లనో, పైన వేసిన పట్టీలనో అనుకోవచ్చు. రెండు కిలోలు ఎక్కువ తూగిందంటే అందులో చాలా భాగం లోపల చేరిన నీళ్లే అయి ఉండొచ్చు. అమ్మేవాడు కాటా దాకా ఎందుకు సార్ అంటే, బోర్డు కింద పెట్టేసి టీ తాగి వచ్చేయండి.